సీలు వేసిన కుండ

గుణుపురం తాసీల్దారు ఆఫీసు ఎదర
కానుగ చెట్టు కింద నాదో కుంటి బల్ల.
ఒడియాలో అర్జీ నలభై, తెలుగులో ముప్పై,
సవర మాట విని రెంటిలోకీ దింపితే
ఇచ్చినంత.

బీరు ఫ్యాక్టరీ వస్తుందన్న నోటీసు
తెలుగు చేసింది నేనే.
రెండొందలిచ్చారు, టీ కూడా పోయించారు.
రోజుకి ఇన్ని లక్షల లీటర్ల నీరు అన్నచోట
సున్నాలు సరిపోయాయో లేదో
రెండుమార్లు లెక్కపెట్టాను.
వంశధార ఆఫీసు వెనకనే పారుతోంది.
లేచి చూడలేదు.

ప్రారంభం రోజున చల్లటి సీసా చేతిలో పెడితే
తాగాను. అబద్ధమెందుకు, బాగుంది.
ఆ వారమే మా బామ్మర్ది జోగినాయుడు
గేటు దగ్గర కాపలాకి కుదిరాడు.

ఆర్నెల్లకి ఇంకో కాగితం వచ్చింది.
బీరు అనగా యవలతో, హాప్సు పువ్వుతో,
ఉక్కు తొట్టెలో, మీటరు చూపిన వేడిలో
పులిసి, వడకట్టి, మూత బిగించినది.
అలా కానిది బీరు కాదు.
బీరు కాకుండా మత్తెక్కించేదీ,
మూత లేకుండా సంతలో కూర్చునేదీ
నాటుసారా పద్దు కిందికి వచ్చును.

కాగితం చదవడం నా కూడు,
అంచేత మూడుసార్లు చదివాను.
గురుబారి గమాంగ్ కాచే చోడి లందా
రెండో వాక్యంలో బయటికి పోయి
మూడో వాక్యంలో లోపల పడింది.

మంగళవారం సంతలో ఆవిడ చోటు
ఉప్పుచేపల గంపలకీ కొడవళ్ళ కొట్టుకీ నడుమ.
చోళ్ళు నానేసి, మొలకెత్తించి, ఎండేసి, దంచి, ఉడికించి,
కొండ మీంచి ఏదో వేరు తెచ్చి కలిపి
అయిదు రాత్రులు కుండకి గోనె కప్పేది,
జ్వరమొచ్చిన పిల్లకి కప్పినట్టు.
ఆనపబుర్రతో ముంచి అడ్డాకు డొప్పలో పోస్తే
పుల్లటి పొగరు ముక్కుకి తగిలేది.
కోతలకి పోయేవాళ్ళు అది తాగి
మధ్యాన్నం కూడు మానేసేవారు.
డొప్ప పది రూపాయలు. చిల్లర లేకపోతే
వచ్చే సంతకి.

లైసెన్సు తీసుకుంటానంది.
నిజంగానే అంది. బల్ల ముందు గొంతుక్కూర్చుని
"రాయి" అంది.
ఫారం తీశాను.

స్థాపిత సామర్థ్యం?
"మా అత్త కొన్న కుండ. పగిలితే ఇంకోటి."
బాయిలరు వివరాలు?
"మూడు రాళ్ళు."
వ్యర్థజలాలు ఎటు పోవును?
"పంది తాగుద్ది."
సరుకు ఎన్నాళ్ళు నిలవుండును?
"పొద్దుగూకేదాకా. మిగిలితే మా ముసలోడు."
నవ్వాను. ఆవిడ నవ్వలేదు.
ఫీజు గడిలో అంకె చదివి వినిపించాను.
"ఏడాదికా?"
ఏడాదికే.
వేళ్ళ మీద డొప్పలు లెక్కపెట్టి, వేళ్ళు చాలక
లేచిపోయింది.

ఆపై మంగళవారం జీపు వచ్చింది.
సంతలో కుండ అప్పటికే ఖాళీ.
ఇంటికెళ్ళి పొయ్యి పక్కన గోనె కింద ఉన్నదాన్ని
ఎత్తుకొచ్చారు.
ఇంకా రెండు రాత్రులు కావాలి దానికి,
అని చెప్పిందట గురుబారి.
ఎవరూ రాసుకోలేదు.
పెద్దామె కదా అని మనిషిని వదిలేశారు.
కుండ మూతికి గుడ్డ కట్టి, లక్క కరిగించి
సర్కారు ముద్ర కొట్టారు.
సాక్ష్యం నంబరు ఒకటి. సుమారు పన్నెండు లీటర్లు.

రెండు రాత్రులు గడిచాయి.
కానిస్టేబులు దైతారి బెహరా గది తాళం తీసేసరికి
లక్క పెచ్చులుగా ఊడి ఉంది,
ముద్రలో సింహాలు నురగలో ఓ పక్కకి ఒరిగి,
కుండ ఇంకా చిన్నగా
బుడుగ్గు బుడుగ్గుమంటోంది.

పొద్దున్నే నా బల్ల దగ్గరికొచ్చాడు.
సీలెవరు తీశారని పైనించి అడుగుతారు,
సంజాయిషీ రాయాలి, ఒడియాలో.
నలభై రూపాయలు ముందే పెట్టాడు.
మీసం కొసన చోడిరంగు తడి
ఇంకా ఆరలేదు.
చూడనట్టే కలం విదిలించి,
"అయ్యా, సదరు కుండ తనంతట తానే"
అని రాసి
క్రియాపదం దగ్గర ఆగాను.