మధ్యాహ్నం రెండు తర్వాత

పౌర్ణమి దగ్గరికొస్తే
కామాక్షి క్యాలెండర్ వంక చూసి
నా పరుపు ముందే చుట్టేస్తుంది.
ఆ రెండు రాత్రులూ రొయ్య పెంకు విడుస్తుంది.
నేను గట్ల మీద ఉంటాను,
ముత్తుకూరు నుంచి ఇందుకూరుపేట, అక్కణ్ణుంచి విడవలూరు,
బండి డిక్కీలో మీటరు, జేబులో రెండు ఫోన్లు.
ఇరవై ఏళ్ళుగా వెన్నెలని
టార్చి బ్యాటరీ ఆదా చేసుకోడానికే వాడుకున్నాను.

బడిలో టీచరు అడిగితే మా చిన్నది చెప్పిందంట,
'మా నాయన రొయ్యలకి ఊపిరి ఆడతా ఉందో లేదో చూస్తాడు' అని.
క్లాసంతా నవ్వారంట.
తప్పేం చెప్పింది?
అదే నా ఉద్యోగం. ఆర్డరు కాగితంలో
ఇంగ్లీషులో ఇంకో పేరు ఉంది గానీ.

మొన్న అత్తకి షుగరు మాత్రలు ఇచ్చి వస్తూ
పొదలకూరు నిమ్మకాయల మార్కెట్‌లోకి ఊరికే నడిచాను.
ఊరికే అంటే, పూర్తిగా ఊరికే కాదు.
ఖాదర్ మస్తాన్ కొట్లో గుమాస్తా మానేశాడని
ముందురోజే విన్నాను.
గుట్టలు గుట్టలుగా పచ్చివి, పండువి, మచ్చవి,
గోనెల మీద గొంతుక్కూర్చున్న ఆడోళ్ళు
మాట్లాడుకుంటూనే ఏరేస్తున్నారు.
"పొద్దున ఆరుకి రా. రెండుకి తాళం.
లెక్క రాయాల, కాటా చూడాల, అబద్ధం ఆడకూడదు.
ఇప్పుడొచ్చే దాంట్లో సగమే వస్తాది అబ్బయ్యా, ముందే చెప్తాండా.
సరే గానీ, రెండు తర్వాత ఏం చేస్తావు?"

నా దగ్గర జవాబు లేదు.
సగం జీతానికి భయపడాల్సినవాణ్ణి
మిగిలే సగం రోజుకి భయపడ్డాను.

మధ్యాహ్నం మూడింటికి మా హాల్లో
ఎండ ఏ గోడ మీద పడుతుందో నాకు తెలీదు.
కామాక్షి ఆ వేళప్పుడు పడుకుంటుందా,
కుట్టుమిషను తొక్కుతుందా, ఒక్కతే ఏమన్నా పాడుకుంటుందా?
ఇంటర్‌లో చేరాక పెద్దోడి గొంతు మారింది.
ఫోన్‌లో ఎవరో రైతనుకుని
'ఏ గుంటండీ?' అన్నాను ఓసారి.

ఫీడు కంపెనీ డైరీలో లెక్క వేశాను.
ఇంటి లోను, వీడి ఫీజు, గ్యాసు, అత్త మందులు.
పెట్రోలు సగం కొట్టేశాను.
రాత్రుళ్ళు తినే బజ్జీలు, ఆ బజ్జీలకి మింగే బిళ్ళలు
రెండూ కొట్టేశాను.
అయినా నెలకి పదకొండు వేలు తగ్గుతోంది.
కామాక్షి కళ్ళజోడు పెట్టుకుని చదివింది.
"అన్నీ రాశావు. నీ నిద్ర ఏ వరసలో వేశావు?"
అని, పోయి కుక్కరు దించింది.

దశరథరామిరెడ్డికి ఇంకా చెప్పలేదు.
నాలుగు గుంటల ఆసామి. వైట్‌స్పాట్ తగిలిన రాత్రి
నా భుజం పట్టుకుని ఏడ్చినాయన.
కౌంటు బాగా వచ్చిన ఏడు నాకు వాచీ కొనిచ్చాడు.
ఆ వాచీ చూసుకుంటూనే
ఇంటికి ఆలస్యమవుతుంటాను.

నిన్న పౌర్ణమి.
నాలుగో గుంటలో చెక్‌ట్రే పైకి లాగితే
అప్పుడే పెంకు విడిచిన రొయ్య ఒకటి,
తడి కాగితం మాదిరి.
వేలితో తాకితే నొక్కుకుపోయేంత మెత్తన.
ఈ కాసేపే దానికి గండం, తోటివే పీక్కుతింటాయి.
పక్కనే పాత పెంకు,
మీసాలతో సహా అచ్చం రొయ్య లాగే ఉంది,
టార్చి వేస్తే గానీ తెలీలేదు లోపల ఎవరూ లేరని.
జాగ్రత్తగా రెంటినీ నీళ్ళలోకి వదిలాను.
మీటరు మూడున్నర చూపించింది.
"ఇంకో రెండు ఏరేటర్లు వెయ్యరా" అన్నాను కాపలా కుర్రాడితో.
నీళ్ళు తెల్లగా లేచాయి.

ఖాదర్ మస్తాన్ చేతిలో పెట్టిన నిమ్మకాయ
మీటరు పెట్టెలో ఉండిపోయింది.
మూత తీస్తే వాసన.
ఒక పక్క పసుపు తిరిగింది.
శుక్రవారం దాకా చూస్తానన్నాడు ఆయన.
ఈరోజు బుధవారం.