టోపీ

సూస్ కోటగోడ లోపలి సందులో మొన్సెఫ్
అడక్కుండానే నా నెత్తిన ఎర్ర టోపీ పెట్టాడు.
మా భాషలో ఆ మాటకున్న రెండో అర్థం
పాపం, అతనికి తెలీదు.
అద్దం చూపించాడు. అరవై దీనార్లన్నాడు.
తీసి చేతిలో పెట్టి నడిచాను.

వెనకే చెప్పుల చప్పుడు:
నలభై. ముప్పై.
పిల్లలమీద ఒట్టు, ఇరవై!
పింగాణీ పళ్లేల కొట్టు మొదలయ్యే బండరాయి దగ్గర
ఠక్కున ఆగిపోయాడు.
అక్కణ్ణించి నేను పక్కవాడి బేరం.

ఆ పక్కవాడు కుర్చీలో కునుకు తీస్తున్నాడు.
పదడుగులు వేశాను.
నన్నెవరూ పిలవలేదు.
ఇరవై అడుగులు. ఎండ. ఒక పిల్లి.

ఎందుకో నెత్తి బోసిగా తోచింది.
వెనక్కొచ్చి, "ఇరవయ్యేగా?" అన్నాను.

మొన్సెఫ్ టోపీ మీది దుమ్ము
తీరిగ్గా దులిపి,
నావైపు చూడకుండానే అన్నాడు:
"అరవై."