ఇర్వై రెండు కుర్చీలు

మనామా పాత బజారు ఎనుక, సున్నం రాలిన బంగ్లల
ఇర్వై రెండు కుర్చీలకు పాలిష్ కొట్టుమన్నరు.
బర్మా టేకు. ఉప్పుగాలికి కీళ్లు వదులైనయి,
కట్టె మాత్రం ఇంక మాట తప్పలే.

ఎవలియని అడిగితే ఫోర్‌మన్ మీర్జా చెప్పిండు:
సర్ ఎవరార్డ్ క్విల్టన్ అని ఒక దొర,
లండన్ల ఓట్లు గెలిచినోడు,
చలికాలమొస్తే స్టీమరెక్కి ఈడ దిగెటోడు.
మేనమామ ప్రభువుల సభల,
పిల్లనిచ్చిన మామకు బ్యాంకు,
బడిల ఒక్క బెంచీ మీద కూసున్నోడు పరదేశాల మంత్రి,
ఇగ ఓడల కంపెనీ ఆయన సడ్డకునిది.

సడ్డకుడు అన్న మాట మీర్జాకు రాదు.
హిందీ, అరబ్బీ కలిపి, వేళ్లతోని చూపిచ్చిండు:
ఇద్దరు అక్కచెల్లెండ్లు, ఇద్దరు మొగోళ్లు.
నాకు నవ్వొచ్చింది.
నా వీసా గూడ మా బావమర్ది సడ్డకుడే ఇప్పిచ్చిండు,
లక్షా ఇర్వై వేలు తీసుకొని.

ముత్యాల బ్యారం కూలిన ఏడు
మీర్జా తాత ఈ గడపల కూసున్నడట
అప్పుకాయితం తలగుడ్డల చెక్కుకొని.
"రేపు మా సడ్డకునికి రాస్త" అన్నడట దొర.
రేపు ఎంత పొడుగుంటదో
తాతకు ఆ ఏడే ఎరికైంది.
పడవ అమ్ముడువోయింది. కొన్నది ఓడల కంపెనీయే,
పొయ్యిల కట్టె ధరకు.

అటెన్క లండన్ల సర్కారు పడ్డది.
మంత్రి మాజీ అయిండు, బ్యాంకు మూతవడ్డది,
మేనమామ సచ్చిపోయిండు.
ఆ బేస్తారం గూడ దొర
ఇర్వై రెండు పళ్లాలు పెట్టిచ్చిండట.
మాంసం సల్లారింది, మంచుగడ్డ గిన్నెల నీళ్లయింది.
వంటోడు గడియారం దిక్కు చూడకుంట
గోడ దిక్కు చూసుకుంట నిలవడ్డడు.

మీర్జా చెప్పింది నిజమో కతో, నాకేం తెల్సు.
కట్టె చెప్తే నమ్ముత.
ఇర్వై ఒక్క కుర్చీల చేతులు నున్నగున్నయి,
ఎవలూ ఎక్కువసేపు కూసోలే.
ఒక్కదానికి, ఎడమ చెయ్యి కొసకు,
గోరుతోని గీరి గీరి తవ్విన గుంట.
టేకు అంత దిగాల్నంటే ఎన్ని రాత్రులు గావాలె?
వడ్లోన్ని, చెప్త: మస్తు.
నా బొటనవేలు పెట్టి చూసిన.
నాది లావు, పట్టలే.

"దాన్ని సాపు చెయ్యి, మ్యూజియమోళ్లు ఒస్తరు" అన్నడు మీర్జా.
అప్పుడే ఫోను. కోరుట్ల నుంచి, వరసకు అల్లుడు:
"మామా, నాకో వీసా జూడు,
నీకు ఆడ అందరు ఎరికనే గద."
"రేపు మాట్లాడ్త" అన్న.

ఉప్పుకాయితం చేతులనే ఉన్నది.