చిరునామాదారు లేరు

ఇరవయ్యారేళ్ళు యంగ్స్‌టౌన్ వీధుల్లో టపా పంచాను.
ఏ ఇల్లు ఊపిరి తీస్తోందో, ఏది బిగబట్టిందో
గేటు తీయకుండానే చెప్పగలను.
కరపత్రాలు గొంతుదాకా మింగిన ఉత్తరాల డబ్బా,
కరెంటు మీటరు మీద సాలీడు,
మంచు పడ్డ మర్నాడు మెట్ల మీద
పిల్లి అడుగులు తప్ప ఇంకేవీ లేకపోవడం.

ఇప్పుడు పెన్షను మీద, కొంత అప్పు మీద
ఖాళీ ఇళ్ళు కొంటున్నాను.
దాచడమెందుకు, లాభం కోసమే.

ఇల్లు దొరకడం తేలిక.
మనిషి దొరకడమే.

కౌంటీ ఆఫీసులో లుడ్మిలా
నన్ను చూడగానే కళ్ళజోడు సర్దుకుంటుంది.
ఒకాయన పోయి తొమ్మిదేళ్ళు, పన్ను ఇంకా ఆయన పేరునే.
ఒకావిడ అరిజోనాలో ఉంది, ఫోను మోగుతుంది, ఎత్తదు.
అన్నదమ్ములు ముగ్గురు,
ముగ్గురిదీ ఒకే మాట: మిగతా ఇద్దర్నీ అడుగు.

నేను చేత్తోనే రాస్తాను. నీలం సిరా.
టైపు చేసిన ఉత్తరాన్ని జనం ఎలా చింపుతారో
గుమ్మాల ముందు నిలబడి చూసినదాన్ని.
“మీ ఇల్లు కొంటాను, ఉన్నది ఉన్నట్టుగా.
మీరేమీ సర్దనక్కర్లేదు.”
వందకి ఎనభై తిరిగొస్తాయి
నుదుటి మీద పసుపు చీటీతో:
చిరునామాదారు లేరు.
ఆ చీటీలు ఎన్ని అతికించిందో ఈ బొటనవేలు.

గ్లెన్‌మోర్ వీధి, పచ్చ తలుపు. కప్పు గట్టిదే.
“ఆర్లిస్ టాలివరా? అడ్రసు లేకుండా పోయాడు”
అన్నాడు పక్కింటి స్టెఫాన్, పార మీద చెయ్యానించి.
అడ్రసు లేకుండా ఎవరూ పోరు.
మారుస్తారు, అంతే.

ఏడు ఉత్తరాలు. ఎనిమిదోదానికి జవాబు.
గీతల కాగితం, మొద్దుబారిన పెన్సిలు,
ముందే ఎవరో విప్పి చదివి
మళ్ళీ మడిచిన మడత. జైలు ముద్ర.

“వర్డెల్ గారూ, ఇల్లు అమ్మను.
పదకొండు నెలల్లో వస్తున్నాను.
మీరు అటు వెళ్తుంటారు కదా,
గడ్డి ఎంత పెరిగిందో రాయండి.
వెనక కిటికీకి అట్ట కొట్టాను, ఉందా?
ఇక్కణ్ణుంచి కొలుస్తుంటే
వంటగది ఒకరోజు పెద్దదవుతోంది, ఒకరోజు చిన్నది.
మీ దగ్గర టేపు ఉంటే.”

మార్చిలో పన్ను వేలం.
నోటీసు వెళ్ళేది పచ్చ తలుపుకే.
నేను నోరు విప్పకపోతే
సగం ధరకి నాది.

తాళంచెవి లేదు. అట్ట పక్కకి జరిపి
గోడ వెంట బయటినుంచే కొలిచాను.
పన్నెండడుగుల మీద రెండంగుళాలు.
చేతులకి తుప్పు, మోకాలిదాకా గడ్డి విత్తులు.

రాత్రి ఉత్తరం రాశాను.
గడ్డి సంగతి. అట్ట ఉందని. కొలత.
కింద ఒక గీత ఖాళీగా వదిలాను
తేదీ పట్టేంత.
కవరింకా అంటించలేదు.