అదనపు కట్టెలు

మినిట్స్ పుస్తకంలో మా ముత్తాత తండ్రిది ఒకటిన్నర పేజీ.
సిరా ఇటుక రంగుకు తిరిగింది.
"ఎనిమిదో నెల, పదకొండో రోజు.
ఈనస్ పికరింగ్ ఆయుధం పట్టాడని ఫిర్యాదు.
ఇద్దరు వెళ్ళి అతనితో మాట్లాడాలి."
అంతే. వాళ్ళు కోపాన్ని కూడా
ఉతికి, ఆరేసి, మడతపెట్టి రాసేవారు.

ఇండియానాలో, షుగర్ ఫోర్క్ వాగు పక్కన,
ఎవరినీ మీరు అనని మనుషులు.
జడ్జీనైనా నువ్వే, జీతగాడినైనా నువ్వే.
ఎవరికీ టోపీ తియ్యరు.
పటాలంలో ఈనస్ ముందు నేర్చుకున్నది సెల్యూట్.
తుపాకీ తర్వాత.
ఇంటికొచ్చాక కూడా చాన్నాళ్ళు
ఆ చెయ్యి దానంతటదే లేచేదట.

ఎందుకు వెళ్ళాడో పుస్తకం చెప్పదు.
అసెనాత్ అవ్వ చెప్పిందని మా నాన్నమ్మ చెప్పింది:
కొట్టంలో గడ్డి కింద దాచిన తల్లీబిడ్డల్లో
తల్లి ఒక్కతే మిగిలిన రాత్రి గురించి,
పట్టుకుపోయినవాళ్ళు వదిలేసిన
పిల్లాడి ఒంటి బూటు గురించి.
అది అతని సంచిలో టెనెస్సీ దాకా వెళ్ళొచ్చింది.

యుద్ధమయ్యాక ఆ ఇద్దరూ వచ్చారు.
మొక్కజొన్న రొట్టె తిన్నారు.
గంటసేపు ఎవరూ పలకలేదు,
వాళ్ళ మాట్లాడే పద్ధతి అది.
"ఒక్క కాగితం రాసివ్వు, ఈనస్.
తప్పు చేశానని. చాలు."

పాము చావాలి, కర్ర విరగకూడదు.
నేనైతే ఆ మాట అనేసి ఉందును.
అతను రాసిచ్చాడు:
"ముగ్గుర్ని చంపాను. నాకు తెలిసి ముగ్గురు.
అందుకు ఏడుస్తాను.
వెళ్ళినందుకు ఏడవలేను."
చివరి వాక్యం కొట్టెయ్యమన్నారు.
కొట్టెయ్యలేదు.
అతని పేరే కొట్టేశారు.

ఆ వచ్చే ఆదివారం, వాళ్ళ లెక్కలో మొదటి రోజు,
మీటింగ్ హౌస్ మెట్టు మీద కూర్చున్నాడు.
లోపల వాళ్ళ మౌనం, మెట్టు మీద అతని మౌనం,
మధ్యన వాల్‌నట్ తలుపు.
పదకొండేళ్ళు.

నేను తుపాకీ ముట్టను. అతన్ని తిట్టనూ లేను,
వాళ్ళనీ తప్పుపట్టలేను.
ఒక్క నోట్లో ఇవన్నీ ఎలా పడతాయి నాన్నా
అని మా అమ్మాయి అడిగింది.
జవాబు లేక, ఊరికే
పద్దుల పుస్తకం తిరగేస్తున్నాను.

ఆ ఏడు, పన్నెండో నెల:
"కట్టెలు, నిరుటికంటే రెండు బళ్ళు అదనం."
మరుసటేడూ అన్నే బళ్ళు. ఆపై ఏడూ.
కారణం రాయలేదు.
మంచు కాలంలో తలుపు బార్లా తీసి ఉంచితే
ఒక పొయ్యి ఎన్ని కట్టెలు తింటుందో
రైతులు వాళ్ళు, వాళ్ళకి తెలుసు.