పన్నెండు అంకణాలు

అమోనియా వాసన నా చేతుల్ని వదిలి చాలా కాలమైంది.
కావలి ట్రంకురోడ్డు మేడ మీద
ముప్పై ఏళ్ళు నీలం కాగితాల మీద ఇళ్ళు గీశాను.
ఇప్పుడు గీతకో రంగు, రంగుకో లేయరు, లేయరుకో పేరు.
మెట్ల పేరులో అక్షరం తప్పితే
మేడే లేదు పొమ్మంటుంది సర్వరు.

పెంచలరత్నం వచ్చింది, సంచిలో దస్తావేజుతో.
"పన్నెండు అంకణాలబ్బయా.
రెండు గదులు, కుట్టుమిషను పట్టేంత వసారా."
అంకణమంటే తెలీదు దానికి.
డెబ్బై రెండుతో హెచ్చవేసి, మీటర్లలోకి దించితే
ఎనభై పాయింటు రెండు ఏడు.
ఆ చివరి ఏడు ఎంతుంటాదని అడిగింది.
కూర్చునే పీటంత, అన్నాను.
"అయితే వదలబాక. రాయి."

రెండుసార్లు తిప్పికొట్టింది, తూర్పు గోడ దగ్గర.
అది వీళ్ళదీ, పక్కింటి హుస్సేనయ్యదీ.
తుఫాను కూల్చిన ఏడాది కలిసి లేపుకున్నారు,
ఇటుక వాళ్ళది, సున్నం వీళ్ళది.
ఉమ్మడి గోడకు లేయరు లేదు.
సరిహద్దు నుంచి ఎంత వదిలావని అడుగుతుంది,
ఎంత కలుపుకున్నావని అడగదు.

గదిని అడుగున్నర లోపలికి జరిపాను.
వసారా సన్నబడింది.
మూడోసారి పంపి, టీ గ్లాసు కింద పెట్టేలోపు
అనుమతి వచ్చేసింది.

ఇంతపాటి ఫైలు ఒకప్పుడు
ఆఫీసు బీరువా మీద రెండు మామిడి కాపులు చూసేది.
దాన్ని నిద్ర లేపే కవర్లు నేనూ మోశాను,
దాచేదేముంది.

"సంతకం యాడ?"
ఈ నల్ల చుక్కల గడే, అన్నాను.
చుక్కలు పెట్టి ఎవరో
ముగ్గు కలపడం మరిచినట్టు చూసింది.
కొంగుముడి విప్పింది, నాలుగు అయిదొందల నోట్లు.
"ఇయ్యి ఎవురికియ్యాల?"
ఎవరికీ వద్దన్నాను.
నమ్మలేదు.
ఎవరి వాటానో నేనే మింగేశానన్నట్టు
మెట్లు దిగేదాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది.

బేస్తవారం పొద్దున దారం లాగారు.
టేపు రెండో కొస
హుస్సేనయ్య కోడలు పట్టుకుంది.
ముగ్గుపిండి గీతకీ పాత గోడకీ నడుమ
అడుగున్నర సందు.
"ఈడేం జేస్తారన్నా?" అంది.
ఖాళీగా వదలాలమ్మా, అన్నాను.
"ఎవురికోసం?"

స్థలం ఫోటో పంపాలి.
ఫోను తెర మీద అక్షాంశం, రేఖాంశం పడేదాకా
ఎండలో నిలబడ్డాను.
ఆ లోపే సందులో ఎవరో పీట వేసి
చిక్కుడుకాయలు వలుస్తున్నారు.
ఫోటోలో పడింది పీట.
తీయమనలేదు.