సూర్యుడు లేని ఊళ్ళో ఉదయం నమూనా

కాగితం మీద అచ్చేసి ఉంటుంది:
ఉదయం ఏడు నుంచి పది లోపు, పరగడుపున.
వార్డోలో డిసెంబరు.
పదిన్నరకి ఆకాశం కాస్త నీలం తిరిగి
మధ్యాహ్నం కాగానే మళ్ళీ మూసుకుంటుంది.
ఇక్కడ ఉదయమంటే గోడగడియారం చెప్పే మాట.
రక్తం తీసేదాన్ని, నమ్మక తప్పదు.

ఏడుంపావుకి సిండ్రె వచ్చాడు.
చేపల ఫ్యాక్టరీ బూట్లు గుమ్మంలో విప్పాడు,
కాడ్ చేపల వాసన విప్పలేకపోయాడు.
ఇరవై మూడేళ్ళు. గడ్డం అక్కడక్కడా,
మంచు కరిగిన చోట గడ్డిలా.

"జిమ్‌లో బరువు లేవట్లేదు, రవ్‌ద్నా" అన్నాడు.
కాసేపాగి, "నాకే లేవాలనిపించట్లేదు" అన్నాడు.
ఆ తర్వాత, చేతులు కడుక్కోమనే పోస్టరు వైపు చూస్తూ
మూడో సంగతి చెప్పాడు.
అది ఆ గదిలోనే ఉంది.

ఫోన్ తీశాడు. పోస్టులో తెప్పించుకున్న కిట్టు,
వేలికొసన ఒక చుక్క, ఏడు పాయింట్ తొమ్మిది.
ఆ అంకెని ఎన్నిసార్లు తెరిచి చూశాడో
ఆ ఫోన్‌కే తెలియాలి.
జిమ్‌లో ఒకడు చిన్న సీసా ఇస్తానన్నాడట.
వారానికో సూది.
"ఎండలొచ్చేసరికి రెయిన్‌డీర్ పోతువవుతావు" అన్నాడట.

"ఆ చుక్క ఎప్పుడు తీశావు?"
"నైట్ షిఫ్టు దిగాక."
"పడుకుని లేచాకా?"
భుజాలెగరేశాడు.
"మరి ఇవాళ?"
మళ్ళీ భుజాలే.

సూది పక్కన పెట్టేశాను.
రేవులో స్తంభం మీద గీతలున్నాయి కదా,
పాటు వేళ ఒక్కసారి చూసొచ్చి
సముద్రం ఎండిపోయిందని ఎవరైనా ఊరంతా చాటుతారా?
నీ ఒంట్లోనూ అంతే, సిండ్రె.
నిద్రలో నిండుతుంది,
లేచేసరికి పోటు మీదుంటుంది, ఆపైన తీస్తుంది.
నిద్రే పోనివాడివి ఏ పోటుని కొలిచావు?
నీకు తెల్లారేది నువ్వు నిద్ర లేచినప్పుడు.
పో, పడుకో. కొన్నాళ్ళు పడుకుని రా.

"మరి ఆ సీసా?"

మెదడు అడుగున బఠాణీ గింజంత గ్రంథి ఉంది.
కింది పనివాళ్ళకి చీటీలు రాస్తుంది:
ఇంత చెయ్యండి, ఇక చాలు, ఇంకాస్త.
బయటి సరుకు దిగిందంటే చీటీలు మానేస్తుంది.
చీటీ లేక పనివాళ్ళు చేతులు ముడుచుకుంటారు,
కొందరైతే పిలిచినా వెంటనే రారు.
రేపు నీకో బిడ్డ కావాలన్నా ఆ ఫ్యాక్టరీయే.
మూతపడ్డ ఫ్యాక్టరీ సంగతి
ఈ ఊరివాడికి నేను చెప్పాలా?

నవ్వాడు. మొదటిసారి.

సెలవు పెట్టి పడుకున్నాడు. వచ్చాడు.
మూడు వారాలకి మళ్ళీ వచ్చాడు.
ఒక్క అంకెతో తీర్పు చెప్పకూడదని
రెండుసార్లూ తీశాను,
చీటీల లెక్క, హార్మోన్‌ని చెయ్యి పట్టుకుని
వదలని ఆ ప్రొటీన్ లెక్క కూడా రాయించాను.

జనవరిలో ఫలితాలొచ్చాయి.
మొదటిది పదమూడు. రెండోది పదహారు.
చీటీలు వేళకే వెళ్తున్నాయి.
"సాధారణం" అని డాక్టరు కింద సంతకం.

ఇంత బాగున్న అంకె చూసి
అంత దిగులుపడ్డ మనిషిని నేనెరగను.
తక్కువని తేలి ఉంటే దానికో పేరుండేది,
ఫార్మసీలో ఒక అరలో ఉండేది.
"అయితే నాకేమైంది?" అన్నాడు.

అప్పుడే కోటలో ఫిరంగి పేలింది.
గాజు గొట్టాలు గలగలలాడాయి.
నిండు సూర్యుడు నీళ్ళ మీద కనిపించాడని లెక్క,
బడికి సెలవని లెక్క.
వీధిలో పిల్లల గోల.
ఇద్దరం కిటికీ దగ్గరికెళ్ళాం, అతను మేజోళ్ళతోనే.
నారింజ రంగు ముక్క ఒకటి
అతని గడ్డం మీద కాసేపు నిలబడింది.
"రాత్రి షిఫ్టుంది" అన్నాడు,
ఎవరితోనో నాకు తెలీదు.

"డాక్టరు దగ్గర ఇంకో అరగంట రాయనా?
ఈసారి రక్తం అక్కర్లేదు."

ఊ అనలేదు, వద్దనలేదు.
పెన్ను పట్టుకుని ఆగాను.
లేసుల్లేని రబ్బరు బూట్లు,
అవి తొడుక్కోవడానికి
అతనికి చాలాసేపే పట్టింది.